నూటికి నెలకు ఎంత? మీ డబ్బు ప్రశ్నలకు జవాబులు

ఈ నెల ఉత్తరాలు చదవడానికి కూర్చుంటే రాత్రి పదకొండు దాటింది. దాదాపు అన్నీ ఇరవై రెండు నుంచి ముప్పై లోపు పిల్లలు రాసినవే. ఒకరిది ఫ్యాక్టరీ, ఒకరిది బెంగళూరులో సాఫ్ట్‌వేర్, ఒకమ్మాయి ఇంట్లో కూర్చుని పెళ్లి ఆల్బమ్‌లు చేస్తుంది, ఒకబ్బాయికి ఇంకా పనే దొరకలేదు. అనంతపురంలో బ్యాంకు కౌంటర్ వెనకాల ఇరవై ఎనిమిదేళ్లు కూర్చున్నదాన్ని కాబట్టి ఇట్లాంటి లెక్కలు చూస్తే నాకు నిద్ర రాదు, చూసేదాకా ఊరుకోలేను.

జవాబులకు ముందు ఒక మాట చెప్తా, కింద పదే పదే అవసరం పడుతుంది. మన పల్లెల్లో అప్పు గురించి మాట్లాడేటప్పుడు ఏడాదికి ఇన్ని శాతం అని ఎవరూ అనరు, రూపాయి వడ్డీ, రెండ్రూపాయల వడ్డీ అంటారు, అంటే నూటికి నెలకు అని. రూపాయి అంటే ఏడాదికి 12 శాతం, రెండు అంటే 24, మూడు అంటే 36. బ్యాంకు ఏడాది లెక్క చెప్తుంది, క్రెడిట్ కార్డు నెల లెక్క చెప్తుంది, లోన్ యాప్ రోజుకు ఇన్ని రూపాయలే కదా అంటుంది, ఇట్ల తలా ఒక భాషలో చెప్తే మీకు పోల్చుకోను రాదు. అందుకే ఏది వచ్చినా ఫస్ట్ మన అవ్వాతాతల లెక్కలోకి మార్చుకోండి, నూటికి నెలకు ఎంత అని.

ప్రశ్న: అక్కా, మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ జాబ్, రెండేళ్లయింది, చేతికి 58 వేలు వస్తాయి. రూమ్‌లో అందరూ సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కట్టేది) కడుతుంటే నేనూ ఏడాదిన్నరగా నెలకు 15 వేలు కడతాన్నా. మా నాయన బోర్లు వేయించి మూడు లక్షలు అప్పు చేసినాడు, రెండ్రూపాయల వడ్డీ, ప్రామిసరీ నోటు రాసిచ్చి రెండున్నరేళ్లయింది. ఇంతవరకూ వడ్డీ కూడా కట్టలేదు. అడిగితే ‘నువ్వు పట్టించుకోవద్దు, నీది నువ్వు వెనకేసుకో’ అంటాడు. నా క్రెడిట్ కార్డులో కూడా 70 వేలు ఉంది, నెలనెలా మినిమమ్ కడతాన్నా. సిప్ ఆపితే నష్టమా?

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలో మూడు లెక్కలు ఉన్నాయి, నువ్వు ఒక్కదాని గురించే అడిగినావు.

ఫస్ట్ కార్డు. చాలా కార్డుల్లో బాకీ మీద నెలకు మూడున్నర శాతం దాకా వడ్డీ వేస్తారు, ఆ వడ్డీ మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. కలిపితే నూటికి నెలకు నాలుగు రూపాయల పదమూడు పైసలు. మీ ఊర్లో ఎవరైనా నాలుగు రూపాయల వడ్డీకి ఇస్తానంటే మీ నాయన ఆ గడప తొక్కుతాడా? నువ్వు ఏసీ రూమ్‌లో కూర్చుని అదే కడుతున్నావు. 70 వేల మీద నెలకు దగ్గర దగ్గర 2,900 వడ్డీకే పోతుంది, నువ్వు కట్టే మినిమమ్‌లో ఎక్కువ భాగం దానికే సరిపోతుంది, అసలు కదలదు. పైగా పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దాని మీద కూడా ఆ రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది, నలభై ఐదు రోజుల గడువు ఏమీ ఉండదు, ఇది చాలామందికి తెలియదు.

అందుకని సిప్‌లో ఏడాది దాటిన యూనిట్లు అమ్మి కార్డు ఒక్కసారిగా తీర్చేయి. ఏడాది దాటితే చాలా ఈక్విటీ ఫండ్లలో (షేర్లలో పెట్టేవి) ఎగ్జిట్ లోడ్, అంటే తొందరగా తీసినందుకు కోసే ఛార్జీ, ఉండదు, ఏడాదికి లక్షా పాతిక వేల లాభం దాకా పన్ను కూడా లేదు. మార్కెట్ తగ్గి ఉంది, ఇప్పుడు అమ్మితే నష్టం కదా అంటావేమో, నాలుగు రూపాయల వడ్డీ తీర్చడానికి అమ్మితే అది నష్టం కాదు నాయనా.

ఇంక మీ నాయన అప్పు, నా మనసంతా దీని మీదే ఉంది. నోటుకు మూడేళ్లు గడువు, ఆ లోపల కోర్టులో వేసుకోకపోతే చెల్లదు, అందుకే ఇచ్చినోళ్లు మూడేళ్లు దగ్గరపడగానే వచ్చి నోటు తిరగరాయమంటారు. అప్పుడు వడ్డీ అసల్లో కలుస్తుంది. లెక్క చూడు, మూడు లక్షలకు రెండ్రూపాయలంటే నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు, మూడేళ్లకు 2,16,000. తిరగరాస్తే నోటు మీద పడే అంకె 5,16,000. అక్కడి నుంచి నెల వడ్డీ ఆరు వేలు కాదు, 10,320. ఇంకొక మూడేళ్లు పోతే మీ ఇంట్లో ఎవరూ ఆ అంకె నోటితో కూడా చెప్పలేరు. నీ చేతిలో ఆరు నెలలే ఉంది.

సిప్ నీకు ఎంత తెచ్చిపెడుతుందో ముందే ఎవరూ చెప్పలేరు, బాగున్న సంవత్సరాలు ఉంటాయి, పడిపోయిన సంవత్సరాలూ ఉంటాయి. ఏటా తప్పకుండా 24 శాతం ఇచ్చే ఫండ్ అయితే లేదు, కానీ ఆ అప్పు మాత్రం ఏటా తప్పకుండా 24 శాతం తింటుంది. కాబట్టి సిప్ ఆపు, కొన్నాళ్లకు. నెలకు 15 వేలు ఎట్లాగూ లేకుండా బతకడం నీకు అలవాటైంది, అదే నీ బలం.

ఇప్పుడు దారి. అమ్మ దగ్గర బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి, బంగారం మీద అప్పు బ్యాంకులో రూపాయి వడ్డీ లోపే దొరుకుతుంది, రెండ్రూపాయలది తీర్చి రూపాయి లోపుది పెట్టుకుంటే ఆ రోజే సగం బరువు దిగుతుంది. మీ నాయన పేరు మీద పొలం ఉంటే పాసు పుస్తకం, వన్‌బీ, అడంగల్ లాంటి పొలం కాగితాలు తీసుకుని కిసాన్ క్రెడిట్ కార్డు ఉందో లేదో, ఉంటే ఎంత లిమిట్ ఉందో బ్రాంచిలో కనుక్కో. మూడు లక్షల దాకా పంట రుణం 7 శాతం, ఏడాది లోపల టైముకు కడితే 4 శాతమే పడుతుంది, అంటే నూటికి నెలకు ముప్పై మూడు పైసలు. అది పంట పెట్టుబడికి ఇచ్చేది, పాత అప్పు తీర్చమని కాదు, కానీ ఈ సీజన్‌కు విత్తనాలకు, ఎరువులకు మళ్లీ బయట చేయి చాపకుండా ఉంటే అదే పెద్ద మేలు.

అప్పిచ్చినాయన దగ్గరికి మీ నాయనతో కలిసి నువ్వే పో. ఒకేసారి ఎక్కువ కడతామంటే వడ్డీలో కొంత వదులుకునేవాళ్లు మన పక్క చాలామంది ఉన్నారు, మర్యాదగా అడగాలి అంతే. కట్టిన ప్రతిసారీ నోటు వెనకాల చెల్లు వేయించు, తేదీ, మొత్తం, సంతకం ఉండాలి, డబ్బు కూడా చేతికి ఇవ్వకుండా ఫోన్‌పేనో బ్యాంకు ట్రాన్స్‌ఫరో చేయి. ఆఖరి రూపాయి కట్టిన రోజు నోటు చేతికి తీసుకోకుండా ఇంటికి రావద్దు. అప్పు తీరినాక కూడా నోటు వాళ్ల దగ్గరే ఉండిపోయి గొడవలైన కుటుంబాలను నేను చూసినా.

మీ నాయన ‘పట్టించుకోవద్దు’ అనేది నిన్ను దూరం పెట్టడానికి కాదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మనది, బోరు వేస్తే నీళ్లు పడతాయో దుమ్ము లేస్తుందో బండి కదిలేదాకా తెలియదు. మా నాయన కూడా శెనక్కాయ పంట పోయిన ఏడాది అప్పు చేసి నాకు తెలియకుండా దాచినాడు, నాకు తెలిసేసరికి నోటు రెండుసార్లు తిరగరాసి ఉన్నారు. అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తాన్నా, ఈ శనివారం బస్సెక్కు.

ప్రశ్న: మేడం, పెనుకొండ దగ్గర కార్ల పార్ట్స్ చేసే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కింద పని చేస్తున్నా. పీఎఫ్, ఈఎస్ఐ పోను చేతికి 15 వేల చిల్లర. నాతో చేరినోళ్లు ఏడాదికోసారి మానేసి పీఎఫ్ తీసుకుని ఇంకో కాంట్రాక్టర్ కింద చేరుతున్నారు, బండికి డౌన్ పేమెంట్ అవుతుందని. నన్నూ అట్లనే చేయమంటున్నారు. అసలు పీఎఫ్ కట్ చేసేది మనకు లాభమేనా?

జవాబు: 2019లో కియా ప్లాంటులో కార్లు రావడం మొదలైనప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఇట్లాంటి ఫ్యాక్టరీల్లోకి వేలమంది పిల్లలు పోతున్నారు, అందులో ఎక్కువమందికి పే స్లిప్‌లో ఏముందో చదివి చెప్పినవాళ్లు లేరు. అందుకే కొంచెం వివరంగా రాస్తా.

నీ బేసిక్, డీఏ కలిపి 15 వేలు అనుకో. నీ నుంచి 12 శాతం, అంటే 1,800 పోతుంది. కంపెనీ కూడా ఇంకొక 1,800 వేస్తుంది, అందులో 1,250 పెన్షన్ ఖాతాకు, మిగిలిన 550 నీ పీఎఫ్‌కు. అంటే నెలకు 2,350 నీ ఖాతాలో పడుతుంది, 2024-25కు వడ్డీ 8.25 శాతం ఇచ్చినారు. అదే రేటు ఉంటుందని అనుకుంటే పదేళ్లకు దాదాపు నాలుగు లక్షల 30 వేలు అవుతుంది, జీతం అసలు పెరగకపోయినా. అదే ఏడాదికోసారి తీస్తే చేతికి వచ్చేది ముప్పై వేల లోపు, బండి డౌన్ పేమెంటుకు సరిపోతుంది, తర్వాత మూడేళ్లు ఈఎంఐ కట్టాలి, చివరకు చేతిలో పాత బండి.

డబ్బు కంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి, తీసుకుంటా పోతే ఆ లెక్క ప్రతిసారీ మొదటికొస్తుంది. ఐదేళ్ల లోపు తీస్తే పన్ను లెక్కలోకి కూడా వస్తుంది. కాంట్రాక్టర్ మారినా యూఏఎన్ నంబర్, అంటే పీఎఫ్‌లో నీ పేరు మీద ఉండే నంబర్, మాత్రం ఒక్కటే ఉండాలి. కొత్తాయన దగ్గర చేరేటప్పుడు పాత నంబరే ఇవ్వు, ‘కొత్తది తీస్తాంలే’ అంటే ఒప్పుకోవద్దు, పాతదాంట్లో డబ్బు కొత్తదానికి ట్రాన్స్‌ఫర్ పెట్టు.

ఇప్పుడే ఫోన్‌లో ఉమాంగ్ యాప్ పెట్టుకుని పాస్‌బుక్ తెరిచి చూడు. ప్రతి నెలా నీ 1,800, వాళ్లది పడుతున్నాయా? కొందరు కాంట్రాక్టర్లు జీతంలో కోస్తారు కానీ ఖాతాలో వేయరు, అట్ల అనిపిస్తే పే స్లిప్పులు దాచిపెట్టి పీఎఫ్ వాళ్ల ఆన్‌లైన్ ఫిర్యాదులో పెట్టు, ఇది నీ హక్కు. అట్లే ఈ-నామినేషన్‌లో అమ్మా నాయన పేర్లు వేయి. సర్వీసులో ఉండగా మనిషికి ఏమన్నా అయితే పీఎఫ్‌తో పాటు ఇన్సూరెన్స్ కింద ఏడు లక్షల దాకా ఇంటివాళ్లకు వస్తుంది, దానికి నీ జేబులోంచి ఒక్క రూపాయి పోదు. నామినేషన్ లేకపోతే ఆ ముసలోళ్లు ఎన్ని ఆఫీసులు తిరగాలో, కొడుకు ఫొటో సంచిలో పెట్టుకుని నా కౌంటర్ దగ్గరికి వచ్చిన ఒక తల్లిని ఇప్పటికీ మర్చిపోలేదు.

ఈఎస్ఐ సంగతి కూడా. జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకు అది ఉంటుంది, నీ నుంచి 0.75 శాతమే, అంటే నెలకు వంద నూటయాభై. దానికి నీకూ, నీ మీద ఆధారపడిన అమ్మా నాయనకూ వైద్యం ఉంటుంది, జబ్బు చేసి పనికి పోలేకపోతే ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం ఇస్తారు. కార్డు తీసుకున్నావా? తీసుకోకపోతే రేపు షిఫ్టుకు పోయినప్పుడు హెచ్ఆర్ దగ్గర అడుగు.

బండి కావాలి, నిజమే, రాత్రి షిఫ్టుకు బస్సులు ఉండవు. ఒక ఏడాది ఆగి నెలకు రెండు వేలు పక్కన పెట్టి సెకండ్ హ్యాండ్ కొనుక్కో, పీఎఫ్‌ను ముట్టుకోవద్దు.

ప్రశ్న: అక్కా, మాది ప్రొద్దుటూరు. ఫొటో స్టూడియోలకు పెళ్లి ఆల్బమ్ డిజైన్, వీడియో ఎడిటింగ్ ఇంట్లోంచే చేస్తా. ముహూర్తాలు ఉన్న నెలలో అరవై, డెబ్భై వేలు వస్తాయి, మూఢం వస్తే సున్నా. డబ్బు ఉన్నప్పుడు ఖర్చయిపోతుంది, లేనప్పుడు అమ్మ దగ్గర అడుక్కోవాల్సి వస్తాంది. స్టూడియోవాళ్లు బాకీలు కూడా తొందరగా ఇవ్వరు. అమ్మేమో మిగిలిందంతా బంగారం కొనమంటుంది.

జవాబు: తల్లీ, నువ్వు సంపాదించేది తక్కువేం కాదు, అది వచ్చే పద్ధతే వేరు. నెల జీతం తీసుకునేవాళ్ల సలహాలు నీకు సరిపోవు. నీ పంచాంగం వేరు, మాఘం నుంచి వైశాఖం దాకా ఊపిరి ఆడదు, ఆషాఢం, భాద్రపదం, పుష్యం ఖాళీ, మధ్యలో మూఢం ఎప్పుడు పడుతుందో ఆ ఏడాది పంచాంగం చూస్తేనే తెలుస్తుంది. ఉగాదికి కొత్త పంచాంగం కొన్న రోజే ముహూర్తాల పేజీ తెరిచి ఏ నెలలో ఎన్ని రోజులు ఉన్నాయో రాసుకో, నీ బడ్జెట్ అదే.

రెండు బ్యాంకు ఖాతాలు పెట్టుకో. స్టూడియోల నుంచి వచ్చేదంతా ఒకదాంట్లో పడాలి, దానికి యూపీఐ కలపొద్దు, కార్డు బీరువాలో పెట్టు. పోయినేడు మొత్తం ఎంత వచ్చిందో కూడు, మూడు లక్షల 60 వేలు అనుకుంటే నెలకు సగటున ముప్పై వేలు. నువ్వు మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖు నీకు నువ్వు ఇరవై రెండు వేలు జీతంగా ఇంకో ఖాతాకు పంపుకో, డెబ్భై వేలు వచ్చిన నెలా అంతే, సున్నా వచ్చిన నెలా అంతే. మిగతా ఎనిమిది వేలల్లో కంప్యూటర్‌కు కొంత పోవాలి. నీ కంప్యూటర్ అంటే రైతుకు ఎద్దుల లాంటిది, సీజన్ మధ్యలో అది ఆగిపోతే నీకు దిక్కులేదు, అందుకని నెలకు రెండు వేలు దాని పేరు మీద పెట్టు. మిగిలింది కనీసం నాలుగు నెలల జీతం జమయ్యేదాకా కదిలించొద్దు.

బాకీల విషయంలో నువ్వు కొంచెం గట్టిగా ఉండాలి. పని మొదలుపెట్టే ముందు సగం, చూడటానికి పంపేది చిన్న సైజులో, మీద నీ పేరు అడ్డంగా వేసి, ప్రింటుకు పోయే ఫైల్ మిగతా సగం పడినాకే. ‘మనోళ్లే కదా’ అంటారు. మనోళ్లయితే ఇంకా తొందరగా ఇవ్వాలి కదా! పెళ్లివాళ్లు ఆల్బమ్ కోసం స్టూడియో చుట్టూ తిరుగుతున్నప్పుడే నీ డబ్బు వస్తుంది, ఆల్బమ్ ఇంటికి పోయినాక రాదు.

బంగారం గురించి. ప్రొద్దుటూరు అమ్మకు బంగారం వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, ఆపద వచ్చినప్పుడు గంటలో అప్పు పుట్టేది దాని మీదే. కానీ నగ కొంటే తరుగు, మజూరీ, పైన 3 శాతం జీఎస్టీ పోతాయి, అమ్మేటప్పుడు అవేవీ తిరిగిరావు. నాలుగు నెలల డబ్బు బ్యాంకులో నిలిచినాకే బంగారం, అది కూడా నగ కంటే నాణెం మేలు, పెళ్లి నగలు అప్పటి డిజైన్‌లో అప్పుడు చేయించుకోవచ్చు.

నీకు ఈఎస్ఐ లేదు కాబట్టి ఆరోగ్య బీమా ఒకటి తీసుకో, ఈ వయసులో ప్రీమియం తక్కువ. బ్యాంకులోనే ప్రధానమంత్రి జీవన్ జ్యోతికి ఏడాదికి 436, సురక్ష బీమాకు 20 రూపాయలు, ఒక్కోదానికి రెండు లక్షలు, రెండూ పెట్టించు. ఆదాయపు పన్ను కొత్త పద్ధతిలో సంపాదన ఏడాదికి నాలుగు లక్షలు దాటితే రిటర్న్ వేయాలి, 12 లక్షల దాకా పన్ను పడదు. నాలుగు దాటకపోయినా వేయి, రేపు నీ పేరు మీద షాపు పెట్టుకోవడానికి లోన్ అడిగితే బ్యాంకు చూసేది అదే.

ప్రశ్న: ఆదోనిలో బట్టల షాపులో చేస్తా, 12 వేలు జీతం. మా వీధిలో ఒకామె చీటీ నడుపుతుంది, నెలకు 5 వేలు, ఇరవై మంది. చేరొచ్చా మేడం?

జవాబు: పన్నెండు వేల జీతంలో ఐదు వేల చీటీ వద్దమ్మా, రెండు నెలలు తప్పితే అందరి ముందూ మాట పడాలి. రిజిస్టర్ కాని చీటీలో నడిపే మనిషి నిజాయితీ తప్ప నీకు ఇంకే ఆధారం లేదు, ఆమె ఎంత మంచిదైనా ముందే పాడుకున్న ఇద్దరు ఎగ్గొడితే ఆమె కూడా ఏం చేయలేదు. రిజిస్టర్ అయిన చీటీలో అయినా నడిపేవాళ్లకు 7 శాతం దాకా కమీషన్ పోతుంది. పోస్టాఫీసులో నెలకు రెండు వేల ఆర్డీ (నెలనెలా కట్టే డిపాజిట్) కట్టు, అదే పోస్టాఫీసుకు మీ షాపు పక్క అమ్మాయిని కూడా తీసుకుపో, ఒకరినొకరు గుర్తు చేసుకుంటారు.

ప్రశ్న: అమ్మా, మాది కర్నూలు. నాకు 26. బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు నంద్యాలలో నాలుగేళ్లుగా ఉంటున్నా. రెండుసార్లు మెయిన్స్ దాకా పోయి పోయింది. నాన్న ఆటో నడుపుతాడు, నెలకు 8 వేలు పంపిస్తాడు. పండక్కు కూడా ఇంటికి పోవాలంటే మొహం చెల్లదు. ఇంకో ఏడాది చూడాలా, మానేయాలా?

జవాబు: ఈ ఉత్తరం రెండుసార్లు చదివినా నాయనా. మెయిన్స్ దాకా రెండుసార్లు పోయినావంటే నీకు చదువు రాక కాదు, అది ముందు తెలుసుకో.

నంద్యాల కోచింగ్‌తో బ్యాంకుల్లో చేరినవాళ్లు నాతో పని చేసినారు, ఆ ఊరి గదుల్లో ముగ్గురు నలుగురు కలిసి ఎట్ల చదువుతారో నాకు తెలుసు. నీ వయసు లెక్క చూస్తే, జనరల్ అభ్యర్థికి క్లర్కుకు 28 దాకా, ఆఫీసర్ పోస్టుకు, అదే పీఓకు, 30 దాకా ఉంది, రిజర్వేషన్ ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి తలుపులు మూసుకోలేదు. కానీ నాలుగేళ్లకు ఎనిమిది వేల చొప్పున 3,84,000 అయింది, ఈ లెక్క మీ నాన్న ఎప్పుడూ వేసి ఉండడు, నువ్వు వేసుకునే ఉంటావు, అందుకే మొహం చెల్లడం లేదు.

నా మాట ఏమంటే, పరీక్ష మానొద్దు, నంద్యాల మాను. నాలుగేళ్లలో సిలబస్ నీకు అంతా వచ్చి ఉంటుంది, ఇప్పుడు కావాల్సింది మాక్ టెస్టులు, అవి కర్నూలులో ఇంట్లోంచి కూడా రాయొచ్చు. ఇంటికి వస్తే గది అద్దె, మెస్ మిగులుతాయి. పొద్దున నాలుగు గంటలు చదువు, సాయంత్రం పిల్లలకు లెక్కలు, రీజనింగ్ చెప్పు, నువ్వు చెప్పగలవు, పదో తరగతి పిల్లలు ఒక పదిమంది వస్తే నెలకు ఐదారు వేలు. చెప్పేకొద్దీ నీకే స్పీడ్ వస్తుంది, ఇది నేను ఊరికే అనడం లేదు, మా బ్రాంచిలో చేరిన ఒక అమ్మాయి అట్లనే పాసైంది. ఇంకో రెండు నోటిఫికేషన్లు పెట్టుకో, ఆ తర్వాత కూడా రాకపోతే ప్రైవేటు బ్యాంకు, ఫైనాన్స్ కంపెనీల్లో నీ లెక్కల చదువుకు పని ఉంది, జీతం తక్కువతో మొదలైనా.

లోన్ యాప్‌లో ఏమన్నా తీసుకున్నావా? నీ ఉత్తరంలో రాయలేదు కానీ నీలాంటి పిల్లలు చాలామంది నాన్నను అడగలేక అక్కడ తీసుకుంటున్నారు. పది వేలు అని చెప్పి ప్రాసెసింగ్ పోను ఎనిమిదిన్నర చేతికిచ్చి నెలకే పది వేలు పైచిలుకు కట్టమంటే అది నూటికి పదిహేను రూపాయలు దాటిన వడ్డీ. తీసుకుని ఉంటే నాన్నకు చెప్పేయి, ఆయన నాలుగేళ్లు నిన్ను మోసినాడు, ఇది కూడా వింటాడు.

ప్రశ్న: మేడం, మాది రాజంపేట పక్క పల్లె, మా తమ్ముడు కువైట్‌లో డ్రైవర్. నెలకు పంపేది అమ్మ ఖాతాలో పడుతుంది, ఎనిమిది లక్షలు జమైంది. కడపలో ప్లాట్ ఒకటి చూపించినారు, వారంలోపల అడ్వాన్స్ ఇవ్వకపోతే పోతుందంటున్నారు. ఇచ్చేద్దామా?

జవాబు: వారంలో పోయే ప్లాటయితే పోనీ అమ్మా. ఎనిమిది లక్షలంటే ఆ ఎండలో ఎన్ని ఏళ్ల డ్రైవింగో నీకే బాగా తెలుసు.

తమ్ముడి పేరు మీద ఎన్ఆర్ఈ ఖాతా, అంటే బయటి దేశాల్లో ఉన్నవాళ్లకు బ్యాంకు ఇచ్చే ఖాతా, తెరిపించు, అక్కడి నుంచి పంపేది అందులో పడాలి, దాని మీద వడ్డీకి ఇక్కడ పన్ను ఉండదు, డబ్బు ఆ పిల్లోడిది అని కాగితం మీద కూడా ఉంటుంది. అమ్మ ఖాతాలో ఉంటే అమ్మకేమన్నా అయితే అన్నదమ్ముల మధ్య మాటలొస్తాయి, ఇప్పుడు మీ మధ్య ఎంత ప్రేమ ఉన్నా సరే. ప్రవాసీ భారతీయ బీమా ఉందో లేదో కూడా అడుగు, పోయేటప్పుడు ఏజెంటు తీసే ఉంటాడు, 275 రూపాయలకు రెండేళ్లు, 375కు మూడేళ్లు, ప్రమాదంలో ఏమన్నా అయితే పది లక్షలు, గడువు అయిపోయి ఉంటే మళ్లీ కట్టాలి.

ప్లాట్ నిజంగా నచ్చితే సర్వే నంబరు తీసుకుని ముప్పై ఏళ్ల ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే కాగితం, తీయించు, లేఅవుట్‌కు అప్రూవల్ నంబరు అడిగి టౌన్ ప్లానింగ్ వాళ్ల దగ్గర అది నిజమా అని చూపించు, లింకు డాక్యుమెంట్లు అన్నీ తెలిసిన లాయరుకు ఇచ్చి చదివించు, ఫీజు రెండు మూడు వేలయినా ఇవ్వండి. తమ్ముడి పేరు మీదే రిజిస్టర్ చేయాలంటే ఆయన వచ్చేదాకా ఆగొచ్చు, లేదంటే కువైట్‌లో మన ఎంబసీ దగ్గర నీ పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ (ఆయన తరఫున నువ్వు సంతకం పెట్టే అధికారం) చేయించి పంపొచ్చు. ఈసీ చేతికి వచ్చినాక దాంట్లో బ్యాంకు తనఖా ఏమన్నా కనిపిస్తే నాకు మళ్లీ రాయి, అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా ఇవ్వొద్దు.